ఎముకకు అంటు: ఆల్బీ గ్రంథంపై ఒక విమర్శ

మామిడి తోటలలో అంటు కట్టటం చూడని విద్యార్థి మన పల్లెలలో అరుదు. టెంక నుండి మొలిచిన నాటుమొక్క కాండాన్ని చెక్కి, దానికి మేలుజాతి కొమ్మను ఆనించి, రెండు కోతలూ కదలకుండా బిగించి కట్టుతారు. కొన్ని వారాలకు అవి ఒకటైపోతవి. వేళ్లు నాటుమొక్కవే గాని, ఆ కొమ్మకు కాచే పండు మాత్రం ఎన్నేళ్లు గడచినా మేలుజాతి పండే. అంటే కొమ్మ చావలేదు, తన గుణాన్ని వదలలేదు. బస మార్చుకొన్నది, అంతే.

ఈ తోటమాలి మాటే శస్త్రవైద్యంలోనూ ప్రవేశించింది. రోగి శరీరంలో ఒకచోటి నుండి ఎముకముక్కను కోసి తీసి, అదే రోగి శరీరంలో మరొకచోట అమర్చటాన్ని ఎముక అంటు అంటారు. ఇంగ్లీషులోనూ చెట్టుకు, ఎముకకు వాడే మాట ఒక్కటే: గ్రాఫ్టు. మాట ఒకటైనంత మాత్రాన లోపల జరిగే పని కూడా ఒకటే అవుతుందా? ఈ ప్రశ్నను పరీక్షించటానికి ఫ్రెడ్ హౌడ్‌లెట్ ఆల్బీ 1915లో ప్రకటించిన "బోన్ గ్రాఫ్ట్ సర్జరీ" అనే గ్రంథం కంటె తగినది దొరకదు.

ఆల్బీ 1876లో అమెరికాలోని మేన్ రాష్ట్రంలో జన్మించినాడు. పండ్లచెట్లకు అంటు కట్టే విద్యను చిన్నతనంలో తాతగారి వద్ద నేర్చుకొన్నాడు. హార్వర్డులో వైద్యవిద్య ముగించి, న్యూయార్కు నగరంలో శస్త్రవైద్యుడుగా స్థిరపడినాడు. చెట్టుకు సాధ్యమైనది ఎముకకు ఎందుకు సాధ్యం కాదన్న ఆలోచన ఆ తాతగారి తోటలోనే పుట్టిందని ఆయన కథలో తరచు చెప్పుతారు. ఆయన 1945లో మరణించినాడు. అంతకు రెండేళ్ల ముందు ఆయన ఆత్మకథ కూడా వెలువడింది.

ఆల్బీకి పేరు తెచ్చిన శస్త్రచికిత్స వెన్నెముక క్షయకు సంబంధించినది. క్షయక్రిములు ఊపిరితిత్తులనే గాక ఎముకలను కూడా ఆశ్రయిస్తవి. అవి వెన్నుపూసల ముందుభాగాన్ని తినివేస్తే, పైభారానికి పూస ముందుకు నలిగి, వీపున గూని లేస్తుంది. నరాలపై ఒత్తిడి కలిగితే కాళ్లు చచ్చుబడవచ్చు. లండనులోని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1779లో ఈ స్థితిని చక్కగా వర్ణించినందున దీనికి పాట్ వ్యాధి అనే పేరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో క్షయక్రిమిని చంపే మందు లేదు. పిల్లలను నెలల తరబడి, ఏండ్ల తరబడి పలకలపైనో, పారిస్ ప్లాస్టరు తొడుగులలోనో కదలకుండా ఉంచటమే చికిత్స.

బయటి తొడుగుకు బదులు లోపలనే ఒక దబ్బను అమర్చితే ఏమి? ఇది ఆల్బీ 1911లో వేసిన ప్రశ్న. ప్రతి వెన్నుపూసకు వెనుకవైపు ముల్లువలె ఒక కొన పొడుచుకొని వస్తుంది. వీపుపై చేతితో తడిమితే తగిలేవి ఆ కొనలే. జబ్బుపడిన పూసలకూ, వాటికి పైనా కిందా ఉన్న మంచి పూసలకూ గల ముళ్లను ఆయన నిలువున చీల్చినాడు. మోకాలి కింద ముందువైపు చర్మానికి ఆనుకొని ఉండే టిబియా ఎముక నుండి పొడవైన బద్దను కోసి, ఆ చీలికలో పొదిగి కుట్టివేసినాడు. అదే ఏడు అదే నగరంలో రస్సెల్ హిబ్స్ అనే మరొక వైద్యుడు వేరొక మార్గం తొక్కినాడు. ఆయన కాలి ఎముక జోలికి పోకుండా, పూసల వెనుకభాగం నుండే చిన్న ముక్కలను లేపి పక్కపూసలపైకి వంచి అతికించినాడు. ఇద్దరి లక్ష్యమూ ఒకటే: పూసలను ఒకే ఎముకగా కలిపివేసి కదలిక మాన్పటం.

ఆల్బీ గ్రంథాన్ని విమర్శించేటప్పుడు మూడు ప్రశ్నలను విడివిడిగా వేసికోవాలి. పని ఫలించిందా? ఫలిస్తే ఎట్లా ఫలించింది? అసలు అది అవసరమైన పనియేనా? ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని మిగిలిన రెండింటికీ వర్తింపజేయటం వల్లనే శాస్త్రంలో ఎన్నో పొరపాట్లు పుట్టినవి.

పని ఫలించిందా?

ఫలించింది. ఈ విషయంలో ఆల్బీకి దక్కవలసిన గౌరవాన్ని తగ్గించటానికి వీలు లేదు. ఆయన గొప్పతనం ముఖ్యంగా వడ్రంగపు గొప్పతనం. మంచి వడ్రంగి రెండు కొయ్యలను కలిపేటప్పుడు సందు లేకుండా అమరేటట్లు చెక్కుతాడు. సందు ఉంటే ఎంత బిగించినా కీలు వదులే. ఉలి, సుత్తి పట్టి ఎముకను చెక్కితే ఆ అమరిక కుదరదని ఆల్బీ గ్రహించి, విద్యుచ్ఛక్తితో తిరిగే రంపాలను ప్రవేశపెట్టినాడు. వాటిలో ముఖ్యమైనది జంటరంపం. ఒకే ఇరుసుపై రెండు గుండ్రని పళ్లచక్రాలుంటవి. వాటి నడుమ దూరాన్ని కావలసినట్లు మార్చుకోవచ్చు. గాడినీ, గాడిలో ఇమడవలసిన బద్దనూ ఈ రంపంతోనే కోయటం వల్ల రెండూ ఒకదానికొకటి సరిపోతవి. లోహపు మరలకు బదులు ఎముకతోనే మేకులు చేసి బిగించే పద్ధతి కూడా ఆయన వాడినాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకి గుండ్లకు ఎముకలు ఛిద్రమై, అతుకు పడకుండా మిగిలిన సైనికులకు ఈ విద్య ఎంతో ఉపకరించింది. సొంత ఎముకే శ్రేష్ఠం, అంటుకూ ఆతిథ్యమిచ్చే ఎముకకూ గట్టి స్పర్శ ఉండాలి, అతికినచోట కదలిక ఉండరాదు అనే మూడు సూత్రాలూ వంద సంవత్సరాలు దాటినా చెక్కుచెదరలేదు.

ఎట్లా ఫలించింది?

ఇక్కడ తాతగారి తోట ఆల్బీని పెడదారి పట్టించింది. ఎముకపై ఉండే పలుచని పొర, గట్టిభాగం, లోపలి పొర, మూలుగ, ఈ నాలుగూ కలిపి తీసిన ముక్క కొత్తచోట తన జీవాన్ని నిలుపుకొంటుందనేది ఆయన విశ్వాసం. అంటుకొమ్మ బతికినట్లే అంటు ఎముకా బతుకుతుందన్నమాట.

ఈ వివాదం ఆల్బీతో ఆరంభమైనది కాదు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో లియొపాల్ద్ ఒలియే అనే వైద్యుడు ఎముకను కట్టేది పైపొరయేనని 1867 నాటి గ్రంథంలో వాదించినాడు. గ్లాస్గో నగరపు విలియం మెక్యువెన్ దీనికి ఎదురు నిలిచి, పైపొర ఒక హద్దు మాత్రమేననీ, ఎముకను కట్టేవి ఎముకలోని కణాలేననీ 1912లో ప్రకటించిన పుస్తకంలో వాదించినాడు. మరొకవైపు జర్మనీలో బార్త్, ఆక్స్‌హౌసెన్ అనేవారు సూక్ష్మదర్శిని ముందు కూర్చొని అమర్చిన ఎముకలను పలుచగా కోసి చూచినారు. ఎముకలో ప్రతి కణమూ తన చిన్న గదిలో ఉంటుంది. అమర్చిన ఎముకలో అత్యధిక భాగం గదులు ఖాళీగా కనబడినవి. కాపురమున్న కణాలు చనిపోయినవన్నమాట.

కారణం ఊహించటం కష్టం కాదు. బతికి ఉన్న ఎముకకు రక్తం కావాలి. కోసి తీసిన ముక్కకు రక్తనాళాలు తెగిపోతవి. కొత్తచోట నాళాలు చొరబడేవరకు, చుట్టూ ఊరే ద్రవం నుండి దొరికిన ఆహారమే దిక్కు. అది ముక్క ఉపరితలం నుండి మిల్లీమీటరులో కొద్ది భాగం లోతుకు మాత్రమే చేరుతుంది. కాబట్టి పైమీదా, లోపలి పొరలోనూ ఉన్న కొన్ని కణాలు బతుకుతవి. నడుమనున్నవి చాలావరకు చస్తవి.

షికాగో నగరపు డల్లాస్ ఫెమిస్టర్ 1914లో ఈ విషయాన్ని ప్రయోగాలతో పరిశీలించి, తరువాత ఏమి జరుగుతుందో వివరించినాడు. చుట్టుపక్కల నుండి సన్నని రక్తనాళాలు చచ్చిన ఎముకలోనికి పాకుతవి. వాటి వెంట రెండు రకాల కణాలు వస్తవి. ఒక రకం పాత ఎముకను తొలిచి కరిగించేవి, రెండవ రకం కొత్త ఎముకను పేర్చేవి. ఇట్లు అంగుళం అంగుళంగా పాత ఎముక పోయి, దాని స్థానంలో కొత్త ఎముక వస్తుంది. దీనికి "పాకుతూ జరిగే మార్పిడి" అన్న అర్థం గల పేరు స్థిరపడింది. అంటే చాలాకాలం తరువాత ఆ చోట కనబడేది రోగి కాలి నుండి తెచ్చిన ఎముక కాదు. దాని ఆకారాన్ని అనుసరించి శరీరం కొత్తగా కట్టుకొన్న ఎముక. బంగినపల్లి కొమ్మకు బంగినపల్లే కాచిన తోటకథకు ఇక్కడ తావు లేదు.

ఫెమిస్టర్ వ్యాసం వెలువడిన మరుసటి ఏడే ఆల్బీ గ్రంథం వెలువడింది. ఆయన ఫలితాలు మాత్రం ఏ వాదాన్నీ తేల్చలేవు. అంటు బతికినా పూసలు కలుస్తవి. అంటు చచ్చి దాని స్థానంలో కొత్త ఎముక వచ్చినా పూసలు కలుస్తవి. రెండు వాదాలకూ సమానంగా సరిపోయే ఫలితం ఒక వాదానికి మాత్రమే సాక్ష్యం కాజాలదు. ఈ తర్కాన్ని పాటించకపోవటమే గ్రంథంలోని ముఖ్యలోపం.

ఎముక అతికితే చాలు, లోపల ఏమి జరిగితే నేమి అని కొందరు అడుగవచ్చు. దీనికి రోగి శరీరమే సమాధానం చెప్పుతుంది. టిబియా వంటి గట్టి ఎముకలో రక్తనాళాలు చొరబడాలంటే, తొలిచే కణాలు ముందు దారి తవ్వాలి. అందువల్ల కట్టుబడి కంటె ముందు కూల్చివేత సాగుతుంది. కుక్కలపై జరిపిన పరిశోధనలలో, ఇట్లు అమర్చిన గట్టి ఎముక ఆరవ వారం మొదలు ఆరవ నెల వరకు తన మామూలు బలంలో దాదాపు సగం కోల్పోయినట్లు తేలింది. గుల్లగా ఉండే ఎముక సంగతి వేరు. తుంటి ఎముక పైఅంచు నుండి తీసే ఈ రకం ఎముకలో ఖాళీలు ఎక్కువ కనుక నాళాలు కొద్ది రోజులలోనే ప్రవేశిస్తవి. అక్కడ కొత్త ఎముక ముందు పేరుకొని, పాతది తరువాత కరుగుతుంది. అయితే ఆరంభంలో దానికి భారం మోసే శక్తి లేదు. ఏ ఎముకను ఎక్కడ వాడాలి, రోగిని ఎన్నాళ్లు ఊతంతో నడిపించాలి అనే నిర్ణయాలు ఈ భేదంపై ఆధారపడినవి. అంటు మొదటి నుండీ బతికే ఉన్నదని నమ్మిన వైద్యుడు, అది అత్యంత బలహీనంగా ఉన్న నెలలలోనే దానిపై భారం మోపవచ్చు. తప్పు ఉపమానానికి మూల్యం చెల్లించేది రోగి.

అట్లయితే అంటు ఎముక ఉత్త నిచ్చెన మాత్రమేనా? అట్లా అనటమూ తొందరపాటే. నీటిలో మరిగించి కణాలను చంపిన ఎముక తాజా ఎముకవలె త్వరగా కలిసిపోదు. కొద్దిగా బతికిన కణాలకు కూడా పని ఉన్నదన్నమాట. మరొక విశేషం లాస్ ఏంజెలిస్‌లో మార్షల్ యూరిస్ట్ పరిశోధన వల్ల 1965లో బయటపడింది. ఆయన ఎముకలోని సున్నపు పదార్థాన్ని ఆమ్లంతో కరిగించి, మిగిలిన మెత్తని భాగాన్ని జంతువుల కండరంలో పెట్టినాడు. అందులో బతికిన కణాలు లేవు, గట్టిదనమూ లేదు. అయినా ఎముకే లేని కండరంలో కొత్త ఎముక పుట్టింది. పరిసరాలలోని కణాలను పిలిచి, ఎముక కట్టమని ఆజ్ఞాపించే ప్రోటీనులు ఆ పదార్థంలో ఉన్నవని తరువాత రుజువైనది.

కాబట్టి రోగి సొంత ఎముక మూడు కానుకలు తెస్తుంది: కొన్ని జీవకణాలు, కట్టుబడికి పిలిచే సంకేతాలు, నాళాలు పాకటానికి పందిరి. ఈ మూడూ ఒకేచోట దొరకటం, శరీరం దానిని పరాయిదిగా ఎంచి తిరస్కరించకపోవటం, ఇతరుల రోగాలు సంక్రమించే భయం లేకపోవటం, వీటి వల్లనే సొంత ఎముక నేటికీ ఇతర పదార్థాలను తూచే రాయిగా నిలిచింది. ఆల్బీ చేతులు ఈ సత్యాన్ని పట్టుకొన్నవి, ఆయన ఉపమానం పట్టుకోలేదు. ఆయన పట్ల న్యాయంగా మరొక మాట చెప్పాలి. అంటు ఎముక తాను బతకటమే గాక చుట్టూ ఉన్న ఎముకను కూడా ప్రేరేపిస్తుందని ఆయన గుర్తించినాడు. 1920లో కాల్షియం ఫాస్ఫేటు వంటి నిర్జీవ లవణం కూడా ఎముక పెరుగుదలకు తోడ్పడుతుందేమోనని మారిసన్ అనే సహచరునితో కలిసి పరీక్షించినాడు. నేడు వాడుకలో ఉన్న ఎన్నో కృత్రిమ ఎముక పదార్థాలు ఆ కుటుంబానికి చెందినవే.

తోటమాలి ఉపమానం పూర్తిగా సార్థకమైన సందర్భం కూడా ఒకటి తరువాత వచ్చింది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఇయాన్ టేలర్, ఆయన సహచరులు కాలిలోని సన్నని ఫిబ్యులా ఎముకను దాని రక్తనాళాలతో సహా తీసి, కొత్తచోటి నాళాలతో సూక్ష్మదర్శిని సహాయంతో కలిపికుట్టే పద్ధతిని 1975లో ప్రకటించినారు. రక్తప్రవాహం వెంటనే తిరిగి సాగుతుంది కనుక ఇందులోని కణాలు చావవు. కొమ్మలోనూ కాండంలోనూ బెరడు కింద ఉన్న సజీవమైన పొరలు కలిస్తేనే మామిడి అంటు పట్టుతుంది. ఎముకలో ఆ కలయికను సాధించినవి నాళాల కుట్లు. నిజమైన అంటు ఇది.

అవసరమేనా?

మూడవ ప్రశ్నకు సమాధానం శస్త్రచికిత్సాశాల బయట దొరికింది. స్ట్రెప్టోమైసిన్ ఆవిష్కరణ 1944లో ప్రకటితమైనది. ఆ తరువాత వచ్చిన మందులతో క్షయక్రిమిని నేరుగా చంపటం సాధ్యమైనది. అయినా వెన్నెముక క్షయకు కత్తి తప్పదనే నమ్మకం చాలాకాలం నిలిచింది. హాంకాంగులో హాడ్జ్‌సన్, స్టాక్ అనే వైద్యులు 1956లో ప్రకటించిన పద్ధతిలో, చీకిపోయిన ఎముకను ముందువైపు నుండి పూర్తిగా తొలగించి, ఆ ఖాళీలో అంటు ఎముకను నిలబెట్టుతారు.

ఈ పద్ధతికీ, మందులు మాత్రమే వాడటానికీ ఎంత భేదమున్నదో తేల్చటానికి మద్రాసులోని క్షయ పరిశోధనా కేంద్రం ఒక తులనాత్మక పరీక్షను నడిపింది. రోగులను ముందుగా ఎంచుకోకుండా, చీట్లు వేసినట్లుగా వర్గాలకు పంచినారు. ఒక వర్గానికి శస్త్రచికిత్సతోపాటు మందులు, మిగిలినవారికి ఆరు లేక తొమ్మిది నెలలు మందులు మాత్రమే. మందులు మాత్రమే పుచ్చుకొన్నవారు మంచం పట్టకుండా, ఇంటి నుండి వచ్చిపోతూ చికిత్స పొందినారు. పదేళ్ల తరువాతి ఫలితాలను 1999లో ప్రకటించినప్పుడు, మందులతో మాత్రమే చికిత్స పొందినవారి స్థితి శస్త్రచికిత్స పొందినవారి స్థితికి ఏమీ తీసిపోలేదని తేలింది. నరాలపై ఒత్తిడి పెరిగినప్పుడు, గూని ముదిరేటప్పుడు నేటికీ కత్తి అవసరం కావచ్చు. ప్రతి రోగికీ అవసరమనే మాట మాత్రం నిలువలేదు.

ఆల్బీ కాలంలో ఆ మందులు లేవు కనుక ఆయనను తప్పు పట్టరాదు. అయితే చికిత్స పొందినవారిని పొందనివారితో పోల్చి చూడటం ఆయన గ్రంథంలో కనబడదు. ఆనాడు ఆ ఆచారమే లేదు. నయమైన రోగుల జాబితా ఎంత పొడవైనా, చికిత్స లేకుండా వారిలో ఎందరు నయమయ్యేవారో అది చెప్పజాలదు. అవసరాన్ని తూచేటప్పుడు ఇచ్చిన చోటి నష్టాన్నీ లెక్కలోనికి తీసికోవాలి. బద్ద కోసిన టిబియా కొంతకాలం బలహీనపడి విరగవచ్చు. తుంటి నుండి ఎముక తీస్తే అక్కడ కొందరికి నొప్పి నిలిచిపోతుంది, తొడ బయటివైపు తిమ్మిరి పట్టవచ్చు. ఈ బాధను తప్పించాలనే యూరిస్ట్ దారిలో దొరికిన ప్రోటీనులలో ఒకదానిని వెన్నెముక శస్త్రచికిత్సకు అమెరికాలో 2002లో అనుమతించినారు. మొదట వచ్చిన నివేదికలు దాని దోషాలను తక్కువచేసి చూపినవని 2011లో వైద్యపత్రికలలోనే తీవ్రమైన విమర్శ చెలరేగింది. తొలి విజయాల ఉత్సాహం ఒక్క ఆల్బీ తరానికే పరిమితమైన దోషం కాదు.

విరిగి అతుకు పడని ఎముకలకూ, గాయం వల్ల గాని గడ్డ తొలగించటం వల్ల గాని ఏర్పడిన ఖాళీలకూ, కలిపివేయవలసిన పూసలకూ రోగి సొంత ఎముక ఈనాటికీ గొప్ప ఆధారం. ఆ ఆధారాన్ని నిలబెట్టిన మొదటివారిలో ఆల్బీ ఒకడు. ఆయన గ్రంథాన్ని చేతిపనికి ప్రమాణంగా చదవవచ్చు, శరీరధర్మానికి ప్రమాణంగా చదవరాదు.

ఉన్నత పాఠశాలలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు మామిడి అంటుతో ఆరంభించటంలో దోషం లేదు. తెలిసిన దాని నుండి తెలియని దానికి నడిపించటమే బోధన. అక్కడనే ఆగిపోతే మాత్రం పాఠం సగంలో ఆగినట్లే. మామిడి కొమ్మకు, ఎముకముక్కకు ఎక్కడ పోలిక ఉన్నది, ఎక్కడ తెగిపోయింది, తెగిపోయినదని ఏ పరీక్ష వల్ల తెలిసింది అని విద్యార్థులచేత అడిగించాలి. పదవ తరగతి పిల్లవానికి ఎముకలోని ఖాళీ గదుల బొమ్మ ఒకటి నల్లబల్లపై గీసి చూపితే, ఆల్బీ వంటి మేధావి విడువలేకపోయిన భ్రమను అతడు గంటలో విడువగలడు.